నడిచే ఆకు

1958. తిరువళ్లూరులో ఒక హైస్కూల్లో నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. సైన్సు పాఠానికి కావలసిన ప్రాణులను తెచ్చి ఫార్మలిన్‌లో, అంటే చచ్చినదాన్ని కుళ్లనివ్వని, కళ్లు మండించే మందునీటిలో, సీసాల్లో పెట్టడం నా పని. అందులోకి దిగినవేవీ ఫిర్యాదు చేసినట్టు గుర్తులేదు.

ఆ సీసాల్లో ఒకటి సీ స్లగ్. గుల్ల లేని సముద్రపు నత్త, చిటికెనవేలి గోరంత. కాట్టుపల్లి దగ్గర ఉప్పుటేటిలో, పచ్చనాచు పట్టిన రాళ్ల మీద ఉంటుంది. నాచే తిండి, నాచే ఇల్లు, ఒంటి రంగూ నాచుదే. ఫార్మలిన్‌లో పడ్డాక మాత్రం నమిలి ఉమ్మిన చెరుకుపిప్పి. మా సైన్సు టీచరు కమలమ్మక్క ఏటా దాన్నే చూపించి, "బతికున్నప్పుడు ఆకు నడిచినట్టుంటుందిరా" అనేది. పిల్లలు మర్యాద కొద్దీ నమ్మేవాళ్లు.

ఆ ఏడు అక్క తుంటి ఎముక విరిగి, తిరుత్తణిలో తల్లి దగ్గర మంచం పట్టింది. సముద్రం దాకా పోయే ఆశ ఇక వదులుకోమని డాక్టరు చెప్పేశాడట. చూడ్డానికి వెళ్తే అడిగింది:

"మునిరత్నం, దాన్ని ఒక్కసారి ప్రాణంతో తేగలవా? పుస్తకంలో చదివిందే, నడిచేది కంటితో చూడల్ల."

"నేను నడవమంటే నడుస్తుందా అక్కా?"

"నువ్వు తే. మిగతాది నేను బతిమాలుకుంటా."

ఒక ఆదివారం నాచుతో సహా గాజుసీసాలో తెచ్చాను. దారిలో ఒలికితే పోయడానికి ఇంకో సీసా నిండా సముద్రపు నీళ్లు. అప్పటికి తిరువళ్లూరు మద్రాసు రాష్ట్రంలో, తిరుత్తణి ఆంధ్రలో. టికెట్ లేకుండా సరిహద్దు దాటిన నత్త అదొక్కటే అనుకుంటాను.

సీసా వసారాలో పెట్టి కాళ్లు కడుక్కొని వచ్చేసరికి నత్త ముడుచుకుపోయి అడుగున పడివుంది. పక్కన చెంబుతో అవ్వ, అక్క తల్లి.

"నీళ్లు మార్చినా నాయనా. నోట్లో ఏసుకొని చూస్తే ఒకటే ఉప్పు! పాపం, దానికి కండ్లు మండవా? మన బావి నీళ్లు కలకండ మాదిరి ఉంటాయి."

సముద్రపు ప్రాణికి మంచినీళ్లే విషం. గబగబా రెండో సీసా నీళ్లు గిన్నెలో పోసి, నత్తను అందులోకి మార్చి అక్క ముందు పెట్టాను. సంగతి తెలిసి అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా చేతులారా సంపేసినానా?"

"లేదమ్మా," అంది అక్క, గిన్నె మీంచి చూపు తిప్పకుండా. "అలిగింది, అంతే."

చాలాసేపటికి ఒక అంచు విప్పుకుంది. తరువాత రెండు కొమ్ములు. ఆపైన ఆకు నడిచింది. అక్క ఏడ్చింది, అవ్వ ఏడ్చింది. ఫార్మలిన్ లేనిచోట నాకు కళ్లు మండటం అదే మొదలు.

"చూసినావా మునిరత్నం!"

"చూసినా అక్కా. కొంచెం బిరబిరా నడవమను, నా బండికి టైమైంది."

"ఏ రాయి మీద తీసినావో ఆ రాయి మీదే వదిలిపెట్టు. నీ మందుసీసాలో ఏసినావంటే చూడు."

మర్నాడు సెలవు పెట్టాను. కారణం: బంధువును ఊరు చేర్చాలి.

తెచ్చి సీసాలో పెట్టడం నాకు ఉద్యోగం నేర్పింది. తిరిగి తీసుకెళ్లి వదలడం అక్క నేర్పింది. ఇప్పుడు ఆ పాత సీసా చూపేటప్పుడు పిల్లలతో నేనూ అంటాను, "బతికున్నప్పుడు ఆకు నడిచినట్టుంటుందిరా" అని. మర్యాద కొద్దీ నమ్ముతారు.