అరవై రెండు గంటల నిద్ర

పాల కర్మాగారం ల్యాబులో వెన్న శాతం, నీళ్ళ శాతం తేల్చే ఉద్యోగం నాది. నలభై దాటాక షిఫ్టు ఇన్‌చార్జిని కావాలన్న కోరిక పుట్టింది. దానికి స్టాటిస్టిక్స్ మొదటి కోర్సు ఆన్‌లైన్లో పూర్తి చేయాలన్నారు మేనేజరుగారు. లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ గుండె దడ. బేరమంటే మాత్రం ప్రాణం లేచొస్తుంది. అందుకే కోర్సులో చేరగానే పాఠాల జోలికి పోకుండా పుస్తకం ధర మీద పడ్డాను.

కొత్త పుస్తకం ధర చూసి కళ్ళు తిరిగాయి. కంప్యూటర్లో అద్దెకు చదువుకోవచ్చట గానీ, గడువు తీరగానే పుస్తకం దానంతటదే మాయమవుతుందట. డబ్బు పుచ్చుకుని మాయమయ్యే వస్తువు నాకెందుకు? చివరికి రైల్వే స్టేషన్ వెనక పాత పుస్తకాల కొట్టులో అదే పేరు, అదే అట్ట కనిపించాయి. కొట్టాయన చెప్పినదాంట్లో సగానికి అడిగాను. మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. అక్కడే అనుమానం రావాల్సింది. నాకు గర్వం వచ్చింది.

ఇంటికొచ్చి పుస్తకం మావారి ముందు పెట్టాను.

"చూశారా? నోరుంటే ఎంత కలిసొస్తుందో!"

ఆయన అట్ట తిప్పి చూశారు. "ఇది మూడో ఎడిషన్‌లా ఉందే. మీ మాస్టారు చెప్పింది ఏది?"

"ఎడిషన్ మారితే సగటు తీసే పద్ధతి మారిపోతుందా ఏంటి? తెలియని విషయాల్లో తల దూర్చకండి."

ఆయన పుస్తకం నా వైపు జరిపి టీ కప్పు అందుకున్నారు.

మొదటి క్లాసులో మాస్టారు, "ఐదో లెక్క ఎవరు చెప్తారు?" అన్నారు. తెర మీద చిన్న చిన్న గడుల్లో ఎవరూ కదల్లేదు. నేను మైకు ఆన్ చేసి, గొంతు సవరించుకుని, "సగటు అరవై రెండండీ" అన్నాను.

"అరవై రెండా? ఇంకోసారి చూసుకోండమ్మా."

"రెండుసార్లు చూసుకున్నానండీ. అరవై రెండే." పాలు పోసేవాళ్ళతో రోజూ వాదించే గొంతు నాది, ఊరికే తగ్గదు.

"పసిపిల్లలు రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతారన్న లెక్క కదమ్మా అది. రోజుకి ఉండేవే ఇరవై నాలుగు గంటలు."

నా పుస్తకంలో ఐదో లెక్క వస్తాదుల బరువులు, కిలోల్లో. గడులన్నీ నవ్వుతో ఊగిపోయాయి. వంటింట్లోంచి మావారి నవ్వు కూడా నా మైకులోంచే అందరికీ వినిపించింది.

పుస్తకం సంగతి చెప్పక తప్పలేదు. మాస్టారు మెత్తగానే అన్నారు. "పాతదైనా ఫర్వాలేదమ్మా, పాఠాలు అవే. మారినవి లెక్కలే. అందుకే వాటిని కోర్సు పేజీలో పెట్టాను. పైనే రాశానే, చూడలేదా?"

చూడలేదు. ఆ పేజీలో నేను చదివింది ధర ఒక్కటే.

తర్వాత పాఠాలు పుస్తకంలోవి, లెక్కలు పేజీలోవి చేసుకుంటూ ఎలాగో పరీక్ష గట్టెక్కాను. మార్కులు క్లాసు సగటుకు కిందే. ఎంత కిందో తేల్చేంత స్టాటిస్టిక్స్ మాత్రం వచ్చింది.

ఇప్పుడు నేను షిఫ్టు ఇన్‌చార్జిని. వెన్న శాతం సగటు రోజూ రాసి బోర్డుకు అంటిస్తాను. అంటించే ముందు పక్క బల్ల అమ్మాయికి చూపిస్తాను.

"దేనికి మేడమ్?" అంటుంది.

"ఊరికేలే, చూడు" అంటాను.