వరిగడ్డి కింద నేల

పక్కింటి అవ్వ పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు కోసం చూస్తున్నాను. "దవాఖానలనే పానం పోయింది మేడం" అంది. ఎక్కాల్సిన బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. చెయ్యెత్తలేదు.

మావారు పోయాక బదిలీ మీద నెల్లికుదురు వచ్చాను. బడిలో పిల్లలతో తప్ప మాటల్లేవు. ఇంటి వెనక కాస్త నల్లరేగడి నేల ఉంటే, కూరగాయలైనా పెంచుదామని వాన వెలిసిన మర్నాడే పార పట్టాను. తడిమట్టి పెళ్లలు పెళ్లలుగా లేచి, రెండు ఎండలకు రాళ్లలా గట్టిపడింది. గోడవతల నుంచి నవ్వు వినిపించింది.

"ఇటుకలు కోసినవా ఏంది బిడ్డా? బట్టీ పెడ్దామా?"

అలా పరిచయం. అవ్వది తండా. కోళ్లను తండా భాషలో తిట్టేది, నన్ను తెలుగులో. తడి నేలలో కాలు పెట్టనిచ్చేది కాదు. తొక్కితే గట్టిపడి, మళ్లీ నీళ్లు ఇంకవట. పిడికిట్లో నొక్కిన మట్టి వేలు తగలగానే పొడిపొడిగా రాలితేనే పార ముట్టనిచ్చేది. పశువుల ఎరువు వేయించి, దాని మీద జానెడు మందాన వరిగడ్డి, ఎండుటాకు, పల్లికాయ పొట్టు పరిపించింది. మొక్క మొదలుకు మాత్రం ఆననిచ్చేది కాదు, కుళ్లుతుందని.

ఆకు పడితే ఊడ్చేదాకా నిద్రపట్టని ఊరది. పెరడంతా చెత్త చేశావంటూ వచ్చినవాళ్లు మొహం చిట్లించేవారు. ఒకరోజు నాకూ రోషం వచ్చి, "ఎన్ని రోజులవ్వా ఈ చెత్త?" అని కసిరాను.

"రోజులేంది? ఏండ్లు. గట్టి నేల అంతల్నే మెత్తవడ్తదా? కప్పి ఊకో. లోపల ఎర్రలు పని జేస్తయి." వానపాముల్ని ఎర్రలనేది.

మూడో ఏడు వంకాయ మడిలో వేలు పెడితే మొత్తం దిగింది. మీరు నవ్వుకున్నా సరే, గోడ దగ్గరికి పరుగెత్తాను. "నాకెర్కే, చూపియ్యకు" అంటూనే అవ్వ వచ్చి తనూ వేలు పెట్టి చూసింది.

దినాల ముందురోజు అవ్వ పెరట్లో ఆమె మడి మీది వరిగడ్డి అంతా ఇంటివాళ్లు లాగి పారేసి, అక్కడే టెంటు వేశారు. ఆ రాత్రి వాన. ఎన్నేళ్లు కప్పుకొచ్చిన మడో అది! తెల్లారి ఆమె కూతురిని బతిమాలాను, "అక్కా, మడి మీద కుర్చీలెయ్యకుండ్రి" అని.

"మా అవ్వనే పాయె, ఇంక మడేంది మేడం?"

కళ్లు తుడుచుకుంటూ అంది. కోపంగా అనలేదు. జనం సర్దుకుంటుంటే నేనూ ఒక కుర్చీ లాక్కుని ఆ మడిలోనే కూర్చున్నాను. భోజనాలయ్యేదాకా అక్కడే ఉన్నాను. మళ్లీ చినుకులు పడ్డాయి.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. తలుపుకు తాళం పడింది. నన్ను బిడ్డా అని పిలిచేవాళ్లు ఈ ఊళ్లో ఇక ఎవరూ లేరు. గోడ మీంచి చూశాను. కుర్చీ కాళ్లు దిగిన గుంటల్లో వాన నీళ్లు నిలిచాయి. చీకటి పడేదాకా చూస్తూ నిలబడ్డాను. ఒక్క గుంటలోనూ ఇంకలేదు.