క్లారినెట్‌కు ఊపిరి

యూనివర్సిటీలో ఎంఏ సంగీతం చదివేటప్పుడు, కంప్యూటర్‌లో స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ మాకొక పాఠంగా ఉండేది. క్లారినెట్ కోసం చిన్న పాట రాసి, మనిషితో వాయించి రికార్డు చేసి తెమ్మన్నారు మా మేడమ్. సెలవుల్లో ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే కూర్చుని రాసేశాను. కంప్యూటర్ వాయిస్తుంటే నాలో నేనే మురిసిపోయాను.

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని నంద్యాల బస్సెక్కాను. అక్కడ పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే పెద్దాయన మా నాయనకు స్నేహితుడు. నేను చాచా అని పిలిచేదాన్ని. ల్యాప్‌టాప్‌లో పాట పెడితే ఆయన చివరిదాకా విన్నాడు.

“బాగుందిమ్మా. అయితే ఈ వాయించేటోడు ఊపిరి యాడ తీసుకుంటాండాడు?”

పాట మొత్తంలో ఒక్కచోట కూడా విరామం పెట్టలేదు నేను. కంప్యూటర్‌కు ఆయాసం రాదు కాబట్టి నాకు తట్టనే లేదు.

“తప్పయింది చాచా.”

“తప్పేందీ? ఈడ కొంచెం నిలుపు. ఆడ కొంచెం నిలుపు.”

ఆయన చెప్పిన చోటల్లా విరామం పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టాను. పాటను చెవితోనే పట్టుకుని చాచా వాయించడం మొదలుపెట్టాడు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కనే కూర్చున్న, అదే బ్యాండులో డోలు వాయించే అన్న తనంతట తానే రెండు దెబ్బలు వేశాడు. వద్దనబోయి ఊరుకున్నాను, అంత బాగుంది. సంతోషం పట్టలేక గట్టిగా నవ్వేశాను. అదీ రికార్డులో పడింది. మేడమ్ విని, ఆ నవ్వు తీసేయొద్దన్నారు.