గోడవైపు తిప్పిన బొమ్మ

ఈరోజు డిసెంబరు మొదటి ఆదివారం. మా పక్కింటి చిత్రకారుడు మొన్న మంగళవారం ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆయన కూతురు మా తలుపు తట్టి ఆ కబురు చెప్పింది. వచ్చే శనివారం ఆ ఇంట్లో సామాను అమ్మకానికి పెడుతున్నారు. అమ్ముడుపోనివి మర్నాడు చెత్తబండి ఎక్కుతాయి. అందుకే మన తెలుగు సంఘం పత్రికకు ఆలస్యం చేయకుండా ఇది రాస్తున్నాను.

మా అబ్బాయి డెట్రాయిట్ పక్కన ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొన్న తొలి వేసవిలో ఆయన పరిచయమయ్యారు. అదీ సవ్యంగా కాదు. వాళ్ళ ఇంటిముందు రోడ్డు పక్కన, చెక్క చట్రానికి బిగించిన తెల్లటి గుడ్డ ఒకటి కనిపించింది. "కర్బ్ మీద పెట్టారంటే వద్దనుకున్నట్టే అత్తయ్యా, ఎవరైనా తీసుకోవచ్చు" అంది మా కోడలు. నేను దాన్ని శుభ్రంగా కడిగి, ఎండలో పెట్టి, దానిమీద గుమ్మడి వడియాలు పెట్టాను. మధ్యాహ్నం ఆ పెద్దాయన ఇంటిచెప్పులతోనే మా పెరట్లోకి పరుగున వచ్చారు. ఆ గుడ్డకు పూసిన తెల్లరంగులో సీసం ఉందట, తింటే విషమట. ఆయన నిలబడి చూస్తుండగా వడియాలన్నీ పారేశాను. మర్నాడు రంగు తాకని కొత్త గుడ్డ బిగించిన చట్రం ఒకటి తెచ్చిచ్చారు. ఇప్పటికీ మా వడియాలు ఎండేది దానిమీదే.

ఆ తెలుపు కింద ఒక బొమ్మ ఉండేదని తరవాత తెలిసింది. ఆయన పద్ధతి అది. బొమ్మ పూర్తయ్యాక వెంటనే సంతకం పెట్టేవారు కాదు. గరాజ్‌లో గోడవైపు తిప్పి ఉంచి, చలికాలమంతా దాని మొహం చూసేవారు కాదు. మంచు కరిగాక ఒక ఉదయం ఉత్తరపు కిటికీ వెలుతురులో ఇటు తిప్పేవారు. నిలిస్తే సంతకం, లేకపోతే తెల్లరంగు. "వేసిన వేడిలో అన్నీ బాగానే కనిపిస్తాయి" అనేవారు.

ఆయన పుట్టింది ఒహాయోలో, ఇనుప కార్ఖానా ఉన్న ఊళ్ళో. సైన్యంలో పనిచేసి వచ్చి బొమ్మల చదువు చదివి న్యూయార్క్ వెళ్ళారు. వంటింట్లో ఆడవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, అవీ ఆయన బొమ్మలు. అప్పుడక్కడ మనుషుల్లేని బొమ్మలదే కాలం. ఒక గ్యాలరీ కొన్నాళ్ళు పెట్టుకుని తిప్పి పంపింది. పాప పుట్టాక డెట్రాయిట్ వచ్చి, కార్ల ప్రకటనలకు బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరారు.

"కారుని ఉన్నదానికంటే పొడుగ్గా వేయాలి టీచర్, పక్కన నిలబడ్డ మనిషిని ఉన్నదానికంటే చిన్నగా వేయాలి. అది ఉద్యోగం. ఇంటికొచ్చి మనిషిని మనిషంత వేసుకునేవాణ్ణి" అన్నారొకసారి. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఆ మాట నాకు బాగా అర్థమైంది.

ప్రకటనల్లోకి ఫొటోలు వచ్చాక ఆ ఉద్యోగమూ పోయింది. సాయంత్రం క్లాసులు చెప్పి సంసారం నడిపారు. భార్య పోయాక గరాజే లోకమైంది. ఆయన బొమ్మ ఒకటి ఒక మ్యూజియంలో ఉంది. గోడమీద కాదు, గోదాములో.

ఏటా వసంతంలో బొమ్మ తిప్పే రోజు నన్ను పిలిచేవారు. ఒకసారి ఒక బొమ్మలో మనిషి ఎడమచెయ్యి పొట్టిగా ఉందన్నాను. ఆయన కుంచె కాడతో కొలిచి చూసి, మారుమాట లేకుండా తెల్లరంగు అందుకున్నారు. "అమ్మా, ఆయన అంత పెద్ద ఆర్టిస్ట్. జస్ట్ నైస్ అనేసి వచ్చేయొచ్చు కదా" అని మా అబ్బాయి సిగ్గుపడ్డాడు. నైస్‌గా ఉన్నప్పుడు అంటానన్నాను. ఆ గరాజ్‌లో నేను ఆ మాట అన్న సందర్భాలు తక్కువ.

అక్టోబరులో ఆఖరి బొమ్మను గోడవైపు తిప్పారు. అప్పటికే దగ్గు ఆగడం లేదు. "వసంతానికి నేను లేకపోతే మీరు తిప్పండి. నిలవకపోతే తెల్లరంగు వేయించండి. మీరు మర్యాదకు మాట్లాడరు" అన్నారు. అలాంటి మాటలొద్దని నేననలేదు. సరేనన్నాను.

గురువారం వెళ్ళేసరికి ఆయన కూతురు ధరల చీటీలు అంటిస్తోంది. గోడవైపున్న ఆ ఆఖరి బొమ్మ దగ్గరికి వచ్చి, చట్రం మీద చెయ్యి వేసి ఆగింది. చూడకుండా ధర ఎలా వేయాలని అడిగింది. నేనిచ్చిన మాట చెప్పాను.

"చిన్నప్పుడు వేసవంతా కదలకుండా కూర్చోబెట్టి నా బొమ్మ వేశారు" అంది. "వసంతంలో స్కూల్ నుంచి వచ్చి చూస్తే, అంతా తెలుపే. ఇందులో ఉన్నది నేనేమో చూడాలనుంది."

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆమె చెయ్యి తీసేసింది.

ఇక జరగవలసినవి:

1. వ్యాన్ ఉన్నవారు శుక్రవారంలోగా మా అబ్బాయికి చెప్పాలి. ఆ ఇంటి బొమ్మ ఒక్కటి కూడా చెత్తబండి ఎక్కకూడదు. ఇంటికొకటి తీసుకున్నా చాలు.

2. కారు బొమ్మలున్నాయా అని ఎవరూ అడగవద్దు. ఇంట్లో ఆయన కార్లు వేయలేదు.

3. గోడవైపు తిప్పిన బొమ్మ దుప్పటి కప్పుకుని మా బేస్‌మెంట్‌కి రావాలి. అక్కడా దాని మొహం గోడకే. పిల్లలు ముట్టకూడదు.

4. మంచు కరిగాక ఆయన కూతురు రావాలి. ఆమె వచ్చేదాకా నేను తిప్పను.

5. అందులో ఉన్నది ఆ పిల్లే అయినా, చెయ్యి పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందనే చెప్పాలి. తెల్లరంగు డబ్బా ఒకటి, సీసం లేనిది, తెప్పించాను. ఈ చలికాలమంతా అది మూత తీయకుండా ఆ బొమ్మ వీపు పక్కనే ఉంటుంది.