బీడీల వాకిట్లో నిర్మల టీచర్

ఏప్రిల్ ఒంటిపూట బడులంటే పిల్లలకు సంబరం, నిర్మల టీచర్‌కు మాత్రం ఒళ్ళుమంట. పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, హెడ్మాస్టరు వెంకట్రాజం "ఇగ కథలు బంద్ టీచర్! లెక్కలు చూడుండ్రి" అని హుకుం జారీ చేసేవాడు. ఆమె వింటేగా! సుబేదారి నుంచి సిటీ బస్సులో వచ్చి, ఖిలా వరంగల్ దారిలోని ఆ రేకుల బడిలో హాజరు తీసుకోగానే వాచకం తెరిచేది. కథలో పులి వచ్చిందంటే ముందు వరుస పిల్లలు వెనక్కి జరిగేవాళ్ళు. డెబ్బయ్యో దశకం చివరి మాట. ఆ గొంతు ఇంకా చెవిలో ఉందనేవాళ్ళు ఆ వాడలో ఇప్పటికీ దొరుకుతారు.

ఆమె తరగతిలో పూలమ్మ అనే పిల్ల ఉండేది. వాళ్ళమ్మ కట్టమ్మ బీడీలు చుట్టేది. "బడి చూడొచ్చే ఇన్‌స్పెక్టర్ సారు ముందట నా బిడ్డ చదివితే బడికే తోల్త. లేకుంటే నా పక్కన కూసోని ఆకు కత్తిరిస్తది" అని ఆ తల్లి ముందే తేల్చి చెప్పింది. నిర్మల ఫికర్ పడలేదు. పూలమ్మ పాఠం గడగడా చదువుతుందాయె!

ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు. కట్టమ్మ గడప దగ్గర నిలబడింది. పూలమ్మ పుస్తకం పట్టుకుని గొంతెత్తింది.

"కుందేలు వాగు దగ్గరికి వచ్చింది. మొగిలయ్యా, కిటికీ దిగు! వాగులో నీళ్ళు చల్లగా ఉన్నాయి."

అప్పుడు కిటికీ దరిదాపుల్లో కూడా లేని అల్లరి పిల్లాడు మొగిలయ్య ఉలిక్కిపడి లేచాడు. ఇన్‌స్పెక్టర్ పడీపడీ నవ్వి, పేజీ తిప్పి, "ఇది చదువమ్మా" అన్నాడు. ఒక్క అక్షరం వస్తే ఒట్టు! ఇన్నాళ్ళూ ఆ పిల్ల టీచర్ గొంతును అదిలింపులతో సహా కంఠతా పట్టిందన్నమాట. నిర్మలకు తల కొట్టేసినట్టయింది. కట్టమ్మ బిడ్డ రెక్క పట్టుకుని తీసుకుపోయింది.

పరీక్షలకు పూలమ్మ రాలేదు. నిర్మల ఉండబట్టలేక ఓ సాయంత్రం వాళ్ళ ఇంటికే పోయింది. వాకిట్లో ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పూలమ్మ తునికాకు కత్తిరిస్తోంది.

"దాన్ని బడికి తోలు కట్టమ్మా, నేను నేర్పుత."

"ఇంకెప్పుడు నేర్పుతరు టీచరమ్మా? ఇన్ని దినాలు మీ కథలు విన్నదే గదా, ఒక్క అక్షరమన్న వచ్చిందా!"

ఆ మాట సూటిగా తగిలింది. అంతలో పక్కింటి మల్లక్క "ఏం కథలమ్మా అవి? మాక్కూడ జర చెప్పరాదుండ్రి, పొద్దు పోతలేదు" అంది.

నిర్మల సంచిలోంచి పుస్తకం తీసింది. చీకటి పడేదాకా చదివింది. లేవబోతే మల్లక్క కొంగు పట్టుకుని ఆపింది. "రేపు గూడ రాండ్రి!"

"వస్త. కానీ పూలమ్మ నా పక్కన కూసోని, నేను చదివే ప్రతి మాట కింద వేలు పెట్టాలె."

అందరూ కట్టమ్మ వైపు చూశారు. "సరె తియ్యిండ్రి" అని ఆమె గొణిగింది.

ఎండాకాలం సెలవులన్నీ అట్లాగే గడిచాయి. మండుటెండలో బస్సెక్కుతుంటే ఇంట్లోవాళ్ళు పిచ్చి పట్టిందన్నారు. అననీ! వానలు మొదలైన రోజుల్లో నిర్మలకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అయినా వచ్చి కూర్చుంది. "అయ్యో, ఇయ్యాల కథ లేనట్టేనా?" అంది మల్లక్క. పూలమ్మ పుస్తకం తన ఒళ్ళోకి లాక్కుంది. నిర్మల అంతవరకు ఎప్పుడూ చదివి వినిపించని కథ అది. కూడబలుక్కుంటూ, తప్పు చదివి మళ్ళీ మొదటికొస్తూ, చెమటలు కక్కుతూ చదివింది. చాటల్లో చేతులు ఆగిపోయాయి. నిర్మల కళ్ళు నిండాయి.

కట్టమ్మ బిడ్డ మొహం కొంగుతో తుడిచింది. "ఇగ మీరు రాకున్నా నడుస్తది టీచరమ్మా. పొద్దుగాల నేనే బడికి తోల్కొస్త."

నిర్మలకు పట్టరాని సంతోషం. లోపల ఎక్కడో చివుక్కుమన్నది కూడా నిజమే, దాచడమెందుకు! రెండు రోజులకు గొంతు వచ్చింది. కాళ్ళు ఆగితేగా, సాయంత్రం కాగానే మళ్ళీ ఆ వాకిట్లోకే నడిచాయి. నిర్మల ఆడవాళ్ళ మధ్యకు జరుక్కుని కూర్చుని, మల్లక్క దగ్గరున్న చాట ఒకటి తన ఒళ్ళోకి తీసుకుంది.

"చదువు బిడ్డా" అంది పూలమ్మతో. "ఇయ్యాల నేను వింట."