మా అమ్మాయి నింపిన ఫారం

పాడేరు హాస్టల్ నుంచి ఈ సాయంత్రం ఇంటికొచ్చిన మా అమ్మాయి పుస్తకంలోంచి ఒక ఫారం జారిపడింది. క్యాస్ట్ సర్టిఫికెట్ దరఖాస్తేమో, తప్పులుంటే చెబుదామని చదివాను. జాతి: సగం రాక్షసి. తండ్రి: రాక్షసుడు. తల్లి: మనిషి.

నేను కొండవాణ్ణి, మా ఆవిడది మైదానం. కాలేజీలో ఎవరో మా కొండవాళ్లని రాక్షసులన్నారేమో అనుకున్నాను.

"ఇదేటి గుంటా?" అన్నాను.

"ఆట నాన్నా! పాచికలేసి కథ సెప్పుకుంటా ఆడతాం. ఆ ఫారంలోది ఆటలో నా క్యారెక్టర్."

"మరి తండ్రి రాక్షసుడేటి?"

"దాన్ని నిప్పు కాల్చదు, సీకట్లో కూడా దానికి కళ్లు కనబడతాయి. ఆ బలమంతా నాన్నదే కదేటి!"

మంచిదేనని ఫారం ఇచ్చేశాను. కాలేజీలో నిన్నెవరైనా ఏమైనా అన్నారా అని అడగడానికి మాత్రం ఇంకా నోరు రావడం లేదు. ఆడపిల్లల నాన్నలూ, మీరైతే ఎలా అడుగుతారు?