పులిహోర డబ్బా

మా పక్కింటి అంకుల్ పోయారని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే ఆంటీ ఫోన్ చేశారు. అమెరికాలో, ఈ ఎడిసన్‌లో నాకు జపనీస్ నేర్పిన తెలుగు మాస్టారు ఆయన. చాలా ఏడ్చాను. కానీ ఆయన గురించి ఏడుపుగా రాయడం నాకు చేతకాదు. నన్ను గెలిపించి వెళ్లిన మనిషి.

ఒసాకాలో ఒక కంపెనీకి ఆస్తి కాగితాలు చూసే పని చేసి, రిటైరై ఇక్కడికొచ్చారు. డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతూ కూడా పాఠం చెప్పేవారు. నేను గడగడా అప్పజెప్తుంటే, "మాటని మింగకమ్మా, నములు" అనేవారు.

లాయర్ల ఆఫీసులో అనువాదకురాలి ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్లి ఒక్క మాట దగ్గర బోల్తా పడ్డాను. షోయూకెన్. ఆస్తి మీద యాజమాన్య హక్కు. ఇంట్లో ఎవరుంటే హక్కు వాళ్లదే అన్నట్టు చెప్పి వచ్చాను. మళ్లీ పిలుస్తామన్నారు. అదీ పోతే జపనీస్‌కో దండం పెట్టేద్దామనుకున్నాను.

సంగతి విని అంకుల్ సరాసరి మా వంటింట్లోకి వచ్చి స్టీలు డబ్బా ఒకటి అందుకున్నారు. ఎప్పుడో ఆంటీ పులిహోర పంపిన డబ్బా. ఖాళీగా తిరిగివ్వకూడదు, ఏం పెట్టివ్వాలో తోచదు. అలా నా దగ్గరే ఉండిపోతే కందిపప్పు పోసుకున్నాను.

"ఇదెవరిది?"

"ఆంటీది అంకుల్. మూత మీద పేరు చెక్కించారుగా."

"మరి యూజ్ చేస్తోంది నువ్వు కదమ్మా?"

"యూజ్ చేస్తే నాదైపోతుందా ఏంటి!"

"అదీ! నీ దగ్గరుండటం సెన్యూ. ఆంటీకున్న హక్కు షోయూకెన్. పేరు గుర్తు మాత్రమే. జపాన్‌లో ఇచ్చానని ఒకరు, సరేనని ఒకరు అంటే చాలు, హక్కు చేతులు మారుతుంది."

రెండోసారీ అదే ప్రశ్న. నేను డబ్బా కథ చెప్పాను. ఎదురుగా ఉన్న జపాన్ లాయరు పగలబడి నవ్వి, ఉద్యోగం ఇచ్చాడు. ఆ సాయంత్రం కారు దిగుతూనే చెప్తే అంకుల్ పార పక్కన పడేసి, రెండు చేతులూ పైకెత్తి "బాన్జాయ్!" అని వీధంతా వినబడేలా అరిచారు. జపాన్‌లో గెలిచినప్పుడు చేతులెత్తి వేసే జయకేక అది.

అంకుల్ దినకర్మలన్నీ అయ్యాక డబ్బా తోమి, ఆయనకిష్టమైన సున్నుండలు పెట్టి తీసుకెళ్లాను. ఆంటీ వాటిని పళ్లెంలోకి తీసుకుని, డబ్బాలో గుప్పెడు పటికబెల్లం వేసి నా చేతిలో పెట్టారు.

"ఇది నీకిచ్చేశానమ్మా."

"సరే ఆంటీ" అన్నాను.

అంతే. మూత మీద ఆంటీ పేరు, డబ్బా నాది. డ్రైవ్‌వేలో, ఆయన నిలబడే చోటే నిలబడి దాన్ని రెండు చేతులతో తలపైకెత్తాను. వెనక్కి చూస్తే గుమ్మంలో ఆంటీ కూడా రెండు చేతులూ ఎత్తి ఉన్నారు.